చిలుకలకు నిరపాయమైన ఆటవస్తువులు



గౌతమీ వసిష్ఠ శాఖల నడుమనున్న మన కోనసీమలో పుట్టి పెరిగినవారికి చిలుకను వేఱుగా పరిచయము చేయనక్కఱలేదు. తెల్లవాఱగనే పచ్చని గుంపులు కీచుమని యఱచుచు, కొబ్బరితోటల మీదుగా జామచెట్లపైకి దిగుట మనము నిత్యము చూచుచున్నదే. కొబ్బరాకుతో చిలుకను, బూరను, చేతిగడియారమును అల్లనేర్చిన పిల్లలు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ గ్రామమునకు పోయినను కనబడుదురు. ఆకుతో చిలుకబొమ్మను చేయుట మనకు తెలిసిన విద్య. అదే యాకుతో ప్రాణమున్న చిలుకకు ఆటవస్తువును చేయుట మనలో పెక్కుమందికి తెలియని విద్య. దానిని నేర్పుటయే యీ పాఠముయొక్క ఉద్దేశము.

ఆటవస్తువనగానే ఇది చిన్నపిల్లల సంగతియని తేలికగా చూడవలదు. మనము పంజరమున వ్రేలాడగట్టిన వస్తువులో ఒక చిన్న లోపమున్నచో పక్షి వ్రేలిని పోగొట్టుకొనవచ్చును, ప్రాణమునే పోగొట్టుకొనవచ్చును. అట్టి లోపమొకటి నా చేతిమీదుగనే జరిగినది. ఆ సంగతి తగినచోట చెప్పెదను. ముందుగా, ఈ ఆటవస్తువులు ఏ పక్షులకో తెలిసికొందము.

1. ఏ పక్షులకు?

మన తోటలలో తిరుగు రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు, పంజరమున నుంచుటయు నేరములు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకలకు రక్షణ కల్పించినది. 2022లో ఆ చట్టమునకు చేసిన సవరణ తరువాత సయితము ఆ రక్షణ నిలిచియే యున్నది. “మా తాతగారి నాటినుండి మా యింట చిలుక యున్నది” యనుట చట్టము ముందర నిలువదు. కావున రామచిలుకకు మనమీయదగిన ఆటవస్తువు పంజరములో లేదు, చెట్టుమీద నున్నది. ఆ సంగతి పాఠము చివర మరల వచ్చును.

చట్టమునకు ముందే మన పెద్దలు ఈ విషయమున నొక కథ చెప్పియున్నారు. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెననియు, పూర్వజన్మమున నతడొక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున బంధించుటయే అందులకు కారణమనియు ఆ కథ. దానిని నమ్ముట నమ్మకపోవుట యటుండనిండు. పక్షి చెరను మనుష్యుని చెరతో సమానముగా తూచిన మన పూర్వుల న్యాయబుద్ధి మాత్రము గుర్తింపదగినది.

గూటినుండి జారిపడిన రామచిలుక పిల్ల దొరకినచో, గూడు అందుబాటులో నున్నయెడల పెద్దల సహాయముతో మరల గూటిలో నుంచవలెను. అది గాయపడినచో అటవీశాఖవారికి తెలుపవలెను. దయచేతనైనను దానిని ఇంటిలో దాచికొనరాదు.

మఱి పెంచదగినవెవ్వి? అన్యదేశములనుండి వచ్చి, పంజరములలోనే తరతరములుగా పుట్టి పెరుగుచున్న చిన్న చిలుకజాతులు కొన్ని గలవు. వానిలో ముఖ్యమైనది ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగారు. దానిని 1840లో జాన్ గౌల్డ్ అను ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుడు సజీవముగా ఇంగ్లండునకు కొనిపోయెను. మన సంతలలో ‘లవ్ బర్డ్స్’ అని యమ్మునవి పెక్కుసార్లు ఈ బడ్జెరిగారులే. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండమునకు చెందిన వేఱు జాతి. తలపై జుట్టుగల కాకటీల్ కూడ ఆస్ట్రేలియాదే. బడ్జెరిగారునకు గాని కాకటీలునకు గాని ప్రభుత్వమువద్ద నమోదు అవసరము లేదు. కాని అంతర్జాతీయ ఒడంబడికలో చేరిన ఇతర విదేశజాతులను పెంచువారు 2024 నాటి నియమముల ననుసరించి తమ పక్షులను నమోదు చేయింపవలెను. ఇప్పటికే ఇట్టి పక్షి యింటిలో నున్నవారికొఱకు ఈ పాఠము వ్రాయబడినది. క్రొత్తగా పక్షిని కొనుడని ఎవరిని ప్రోత్సహించుటకు గాదు.

2. పక్షికి ఆట యెందులకు?

చిలుక శరీరమును శ్రద్ధగా పరిశీలింపుడు. కాకి, పిచ్చుక మొదలగు పక్షులకు మూడు వ్రేళ్ళు ముందునకు, ఒకటి వెనుకకు నుండును. చిలుకకు రెండు ముందునకు, రెండు వెనుకకు నుండును. అందుచేత అది కొమ్మను పట్టకారువలె పట్టుకొనగలదు. దాని పైముక్కు తలయెముకకు కీలువలె అమరియుండి పైకి క్రిందికి కదలును. ఎక్కునపుడు ముక్కు దానికి మూడవ కాలు. ఆ ముక్కు మన గోళ్ళవలె జీవితాంతము పెరుగుచునే యుండును. బెరడును కొఱికి, గింజను ఒలిచి, పుల్లను చీల్చి దానిని అఱుగదీసికొనుట పక్షికి నిత్యకృత్యము.

అడవిలోని చిలుక పగటిలో చాలభాగము ఆహారమును వెదకుటకే వినియోగించును. పంజరములోని పక్షికి గింజలు గిన్నెలో సిద్ధముగా నుండును. తినుట కొద్ది నిమిషములలో ముగియును. తక్కిన పగలంతయు అది చేయవలసిన పని యేమి? పని లేని ముక్కు తన యీకలనే పీకుకొనును. ఈకలు పీకుకొనుట, పంజరములో ఒకే మార్గమున ముందునకు వెనుకకు నడచుట, ఆగకుండ అఱచుట – వీనిని పక్షియొక్క దుర్గుణములని తలంచువారు గలరు. అవి పెక్కుసార్లు దుర్గుణములు గావు. పని లేని జీవి చేయు ఫిర్యాదులు. అయితే వ్యాధిచేతను ఈకలు రాలవచ్చును గావున, ముందు పశువైద్యునికి చూపవలెను.

ఇది ఊహ గాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో మీహన్, మిల్లమ్, మెంచ్ అను శాస్త్రజ్ఞులు చిన్నవయస్సుగల అమెజాను చిలుకలను పరీక్షించి, 2003లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆహారమును వెదకి తీసికొనవలసిన ఏర్పాట్లును, ఎక్కుటకు కొఱుకుటకు వస్తువులును గల పంజరములలోని పక్షులు ఈకలు పీకుకొనుట తక్కువయ్యెను. ఏమియు లేని పంజరములలో నుండి ఈకలు పీకుకొనుచున్న పక్షులకు తరువాత ఆ వస్తువులనే యీయగా వానికిని మేలు కలిగెను.

చిలుక తెలివిని గూర్చియు ఒక మాట. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అను శాస్త్రజ్ఞురాలు 1977లో చికాగో నగరపు దుకాణములో అలెక్స్ అను బూడిదరంగు ఆఫ్రికా చిలుకను కొని, దానికి ముప్పది యేండ్లు చదువు చెప్పెను. అది 2007లో మరణించునాటికి సుమారు నూఱు మాటలు నేర్చి, వస్తువుల రంగును, ఆకారమును, పదార్థమును, ఆఱు వఱకు సంఖ్యను చెప్పగలిగెను. ఇంత మేధగల వంశమునకు చెందిన జీవిని వట్టి తీగల నడుమ ఊరక కూర్చుండబెట్టుట, చదువవచ్చిన పిల్లవానిని పుస్తకము లేని గదిలో ఏండ్ల తరబడి బంధించుటతో సమానము.

3. నా తప్పు

కొన్ని యేండ్ల క్రిందట మా యింట నొక కాకటీల్ పక్షి యుండెను. దానికి నేను కొబ్బరిపీచు త్రాటితో ఉయ్యెల కట్టితిని. మన సీమ సరకు, రంగు లేదు, విషము లేదు. ఇంతకన్న మంచిదేమి యుండునని సంతోషించితిని. నెల దినములు గడచునప్పటికి పక్షి కొఱికినచోట త్రాడు విప్పారి, పోగులు లేచినవి. నేను వానిని చూచితిని. పీచే గదా, తరువాత కత్తిరింతమనుకొంటిని.

ఒకనాటి వేకువను పంజరముపై గుడ్డ తీయగా పక్షి తలక్రిందులుగా వ్రేలాడుచుండెను. సన్నని పోగొకటి దాని వ్రేలిని చుట్టుకొని, పెనుగులాడిన కొలది బిగిసినది. రాత్రి ఎంతసేపు అట్లుండెనో తెలియదు. ఇంటివారొకరు పక్షిని పట్టుకొనగా నేను చిన్న కత్తెరతో పోగును కోసితిని. వ్రేలు నల్లబడినది. పశువైద్యుడు దానిని తీసివేయవలసి వచ్చినది. పక్షి బ్రదికినది గాని, అటుపిమ్మట కొమ్మ నెక్కునప్పుడెల్ల ఆ కాలు జాఱి, ముక్కుతో ఆనుకొనెడిది. దానిని చూచినప్పుడెల్ల “తరువాత కత్తిరింతము” అన్న నా మాటయే నాకు వినబడెడిది.

మంచి పదార్థమైనంత మాత్రమున మంచి ఆటవస్తువు కానేరదు. పదార్థము, ఆకారము, పాతబడిన పిమ్మటి స్థితి – ఈ మూడింటిని చూడవలెను. నేను మొదటిదానిని మాత్రమే చూచితిని.

4. అపాయములు అయిదు

మొదటిది చుట్టుకొనునది. విప్పారిన త్రాడు, నూలుపోగు, గోనెసంచి దారము, పీచు – ఇవి వ్రేళ్ళకును మెడకును చుట్టుకొనును. పీచును మ్రింగినచో మెడక్రిందనుండు ఆహారపుసంచిలో ఉండకట్టి అడ్డుపడును. కావున సన్నని త్రాటికి బదులుగా వెడల్పైన పట్టీని వాడవలెను. ఎండిన అరటిపట్టను వ్రేలెడు వెడల్పున చీల్చినచో అది దీనికి మిక్కిలి తగును. అది వెడల్పుగా నుండుటచే వ్రేలిని బిగింపదు. బలముగా లాగినచో తెగిపోవును. ఇచట తెగిపోవుటయే గుణము.

రెండవది ఇఱుకుకొనునది. తల దూఱి మరల రాని కన్నము ప్రాణాపాయము. కన్నమైనను వలయమైనను, పక్షి తల ఏమాత్రము దూఱనంత చిన్నదిగానైన నుండవలెను, లేదా దేహమంతయు సులభముగా దాటిపోవునంత పెద్దదిగానైన నుండవలెను. నడిమి కొలత పనికిరాదు. గజ్జెలను చూచి ముచ్చటపడి కట్టెదరు. వాని చీలికలో వ్రేలి గోరును ముక్కుకొనయు చిక్కుకొనును. బట్టలపిన్ను, తాళపుచెవుల కొక్కెము మొదలగువానివలనను ఇదే అపాయము.

మూడవది మ్రింగునది. చిన్న పూస, గుండీ, మెత్తని ప్లాస్టిక్, రబ్బరు, స్పాంజి – వీనిని చిలుక తునకలుగా కొఱికి మ్రింగగలదు. బడ్జెరిగారు బరువు 30 మొదలు 40 గ్రాములు మాత్రమే. మనకు నలుసైనది దానికి రాయి.

నాలుగవది విషము. జింకు పూత పూసిన ఇనుపతీగ, సీసము, సీసముతో అతికిన టంకము, పాత తలుపుల రంగు – వీనిని కొంచెము కొంచెముగా నాకినను పక్షి దేహమున విషమెక్కును. లోహము తప్పనిచోట తుప్పుపట్టని ఉక్కును మాత్రమే వాడవలెను. మొక్కలలో గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదము పనికిరావు. గురివింద గింజలను ముఖ్యముగా చెప్పవలెను. ఎఱుపు నలుపు రంగులతో అందముగా నుండుటచే పిల్లలు వానిని ఏఱి పూసలుగా గ్రుచ్చుదురు. దాని పైపొట్టు పగులకున్నంతవఱకు విషము వెలికిరాదు. చిలుక ముక్కు చేయు పనియే పగులగొట్టుట. కావున ఆ గింజ పంజరము దాపునకు రాగూడదు. కొండపల్లి బొమ్మలవంటి రంగుబొమ్మలు మన చూపులకు చేసినవే గాని పక్షి నోటికి చేసినవి గావు.

అయిదవది బూజు. ఇది మన సీమకు ప్రత్యేకమైన అపాయము. కాలువలు, చెఱువులు, సముద్రపుగాలి గల యీ నేలమీద తేమ యెన్నడు నాఱదు. తడిసిన కొబ్బరిడొక్కపైనను, గోర మిగిలిన చిప్పలోను రెండు దినములలో బూజు పట్టును. ఆ బూజు రజను పీల్చిన పక్షికి ఊపిరి వ్యాధి కలుగును. అది కుదురుట కష్టము. 2016లో మన దేశమున మొదట కనబడి, తరువాత గోదావరి తీరపు కొబ్బరితోటలకు వ్యాపించిన సర్పిలాకార తెల్లదోమ సోకిన ఆకులపై నల్లని మసివంటి బూజు పేరుకొనును. అట్టి యాకులను, పురుగుమందు వాడిన చెట్ల ఆకులను తీసికొనరాదు.

5. చేయు విధానము

కావలసిన పనిముట్లు స్వల్పము: చాకు, చిన్న ఱంపము, బరమా, గరుకుకాగితము, కత్తెర. చాకును, ఱంపమును, బరమాను వాడునపుడు పెద్దవారు దగ్గర నుండవలెను. కొలతలు బడ్జెరిగారునకు చెప్పబడినవి. కాకటీలునకు ఒకటిన్నర రెట్లు చేయవచ్చును. ముందుగా చేతులు కడుగుకొని, పదార్థములను శుభ్రపఱుపవలెను. చిప్పను, వెదురును పది నిమిషములు నీళ్ళలో మఱగించి, రెండు మూడు దినములు తీక్ష్ణమైన యెండలో నారబెట్టవలెను. ఆకులను కొమ్మలను మంచినీటితో బాగుగా కడిగి నీరు దిగనీయవలెను.

(అ) జామకొమ్మ: అన్నిటికంటె సులభమైనది, అన్నిటికంటె ఉత్తమమైనది ఇదియే. మందు చల్లని పెరటి జామచెట్టునుండి చిటికెనవ్రేలు మొదలు బొటనవ్రేలి వఱకు మందముగల కొమ్మను ఆకులతో, బెరడుతో కోసి, కడిగి పంజరమున అడ్డముగా నమర్పుడు. పక్షి మొదట ఆకులను త్రుంపును, పిమ్మట బెరడును ఒలుచును, చివరకు దానిపై నిద్రించును. కొమ్మ మందము చోటుచోటున మాఱుటచే పాదములకు ఒకేచోట ఒత్తిడి కలుగక పుండ్లు పడవు. దుకాణములో దొరకు నున్నని ప్లాస్టిక్ కడ్డీకి ఈ గుణము లేదు.

(ఆ) ఆకుచాప: పచ్చని కొబ్బరాకులను ఎనిమిది తీసికొని నడిమి ఈనెలను పూర్తిగా తొలగింపుడు. ఈనె కొన సూదివలె నుండి కంటికి గ్రుచ్చుకొనగలదు. ఆకుపట్టీలను పడుగు పేకలుగా అల్లి, ఆఱంగుళముల పొడవు నాలుగంగుళముల వెడల్పు గల చిన్న చాపను చేయుడు. అల్లికల సందున కొఱ్ఱకంకి ముక్కలను దూర్చి, అరటిపట్టీతో పంజరపు తీగకు కట్టుడు. చిలుకను అల్లనేర్చిన మీ వ్రేళ్ళకు ఇది పది నిమిషముల పని. పక్షి దానిని ఒక పూటలో చింపివేయును. చింపినందుకు చింతింపవలదు.

(ఇ) కొబ్బరిచిప్ప తొట్టి: ముదురుకాయ అరచిప్పను తీసికొని లోని కొబ్బరిని చాకుతో పూర్తిగా గోకివేయుడు. పైనున్న పీచును ఒక్క పోగైనను మిగులకుండ తీసి, అంచును గరుకుకాగితముతో నున్నగా రుద్దుడు. అంచునకు అర అంగుళము క్రిందుగా, సమదూరమున మూడు రంధ్రములు పావు అంగుళము వెడల్పున తొలిచి, అరటిపట్టీలను దూర్చి పంజరపు కప్పునకు కట్టుడు. పట్టీ పొడవు మూడంగుళములు మించరాదు. చిప్పలో ఆకుతునకలను, నలిపిన తెల్లకాగితమును నింపి, వాని యడుగున చిటికెడు కొఱ్ఱలు దాచుడు. పక్షి అంచుమీద కూర్చుండి, పైవానినెల్ల బయట పాఱవేసి, గింజలను కనుగొనును. గిన్నెలో తిన్న గింజకంటె ఇట్లు సంపాదించిన గింజ దానికి రుచి.

(ఈ) వెదురుగొట్టము: అంగుళము లావు, అయిదంగుళముల పొడవు గల ఎండిన వెదురుముక్కను కోసి, ప్రక్కలను నాలుగు రంధ్రములు పావు అంగుళము వెడల్పున తొలువుడు. వెదురు పేడు చర్మమును చీల్చును గావున, రంధ్రముల యంచులను, కొనలను గరుకుకాగితముతో చేతికి తగులనంత నున్నగా రుద్దవలెను. లోపల గింజలు పోసి, రెండు కొనలను నలిపిన తెల్లకాగితముతో మూయుడు. దీనిని కట్టనక్కఱలేదు, పంజరపు నేలపై నుంచినచో పక్షి ముక్కుతో దొర్లించుచు గింజలను రాల్చుకొనును.

(ఉ) కాగితపు పొట్లము: అచ్చు లేని తెల్లకాగితమును అరచేయంత చింపి, నాలుగు గింజలు పెట్టి, మిఠాయి పొట్లమువలె రెండు కొనలను మెలిపెట్టుడు. జిగురు, అంటుపట్టీ, గుండుసూది, కాగితములు కుట్టు తీగముక్క – ఇవేవియు వాడరాదు. మొదట పొట్లమును సగము విప్పియుంచి గింజను కనబడనిండు. పక్షికి కిటుకు తెలిసిన పిమ్మట పూర్తిగా మూయుడు. మొదటినాడే కష్టమైన లెక్క నిచ్చిన పిల్లవాడు పలకను ప్రక్కన పెట్టును, పక్షియు అంతే.

6. ఇచ్చు విధానము

క్రొత్త వస్తువును చూచి భయపడుట చిలుకజాతికి సహజము. అడవిలో ఆ భయమే దానిని కాపాడును. కావున తయారైన వస్తువును వెంటనే పంజరములోనికి త్రోయక, రెండు మూడు దినములు పంజరమునకు దూరముగా, కనబడునట్లు వ్రేలాడగట్టుడు. దానిని మీ చేతిలో పట్టుకొని మీరే ఆడుడు. పక్షి మెడ చాచి చూచినపుడు లోపల నుంచుడు.

ఒకేసారి రెండు మూడింటికంటె ఎక్కువ వలదు. వస్తువులతో క్రిక్కిఱిసిన పంజరములో ఱెక్క విప్పుటకు చోటుండదు. వారమున కొకసారి మార్చుచుండిన పాతదియే మరల క్రొత్తదగును. అద్దములను గూర్చి ఒక హెచ్చరిక: ఒంటరి బడ్జెరిగారు అద్దములోని తన రూపును తోడుగా భ్రమించి, దానికి ఆహారమును కక్కి పెట్టుచుండును. అట్టి పక్షికి కావలసినది అద్దము గాదు, సజీవమైన తోడు. ఆటవస్తువు తోడునకు బదులు గాదు. పగటిలో కొంతసేపు మీ సమక్షమున, తలుపులు మూసిన గదిలో విడువబడుటకును బదులు గాదు.

పంజరమును వంటయింటికి దూరముగా నుంపవలెను. అంటుకొనని పూత పూసిన పెనము మిక్కిలి కాగినపుడు వచ్చు వాయువు మనకు వాసనయైన తెలియకుండగనే పక్షిని చంపగలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. ప్రతియుదయము నీరు మార్చునపుడు ప్రతివస్తువును వ్రేలితో తడవి చూడవలెను. పోగు లేచినదా? పేడు లేచినదా? కన్నము పెద్దదైనదా? తేమవాసన వచ్చుచున్నదా? సందేహము కలిగిన క్షణముననే తీసివేయవలెను. “తరువాత” అను మాట ఈ పనిలో నిషిద్ధము. వానకాలమున ఆకువస్తువులను రాత్రి తీసి, ఉదయము క్రొత్తవి కట్టుట మేలు.

కొందఱు బాలురు కష్టపడి చేసిన వస్తువును పక్షి చింపివేసినదని చిన్నబుచ్చుకొందురు. వారికి నేను చెప్పునది యిది: మనము మన బొమ్మను అద్దాలబీరువాలో దాచుకొందుము, పక్షి తన బొమ్మను చింపుకొని ఆనందించును. చెడిపోని ఆటవస్తువు చిలుకకు ఆటవస్తువే గాదు. పంజరపు నేలపై నిండిన ఆకుతునకలు మీ పనికి వచ్చిన పూర్తి మార్కులు. మరల చేయుడు. మన సీమలో కొబ్బరాకునకును, జామకొమ్మకును, అరటిపట్టకును ధర లేదు. కావలసినది పది నిమిషముల తీఱిక.

7. చెట్టుమీది చిలుకకు

పంజరము లేని రామచిలుకకు మనమేమి చేయవలెను? అది ప్రాతచెట్ల తొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టును. తల విఱిగిన కొబ్బరిమోడు, ఎండిన తాడిమోడు దానికి ఇల్లు. శీతకాలము చివరనుండి వేసవి మొదటి వఱకు ఆ మోళ్ళను నఱకినచో గ్రుడ్లతో పిల్లలతో కూడ నఱకినట్లే. 1996 నవంబరు 6వ తేదీని వచ్చిన తుపాను కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చిన సంగతి మీ యింటి పెద్దలను అడిగిన చెప్పుదురు. గాలి కూల్చినదానికి మనము బాధ్యులము గాము. గాలి విడిచిన మోడును మనము కూల్చినచో బాధ్యులమగుదుము. ఇంటికిని బాటకును దూరముగా, ఎవరికిని అపాయము లేక చేనిగట్టున నిలిచియున్న మోడు నొకదానిని నిలువనీయుడని మీ తండ్రిగారిని వేడుకొనుడు. దానిని కొఱుకుచు, ఎక్కుచు, దానిలో కాపురముండుచు చిలుక తనంత తానే ఆడుకొనును.

పంజరములో నున్నదానికి చెట్టును కొంచెము కొంచెముగా తెచ్చి యిచ్చుట, చెట్టుమీద నున్నదానికి చెట్టును విడిచిపెట్టుట – ఈ రెండును ఒకే ధర్మమునకు రెండు ముఖములు. ఈ పాఠమున కంఠస్థము చేయదగినది ఈ యొక్క వాక్యమే.

అభ్యాసము

1. చిలుక పాదమునకును కాకి పాదమునకును గల భేదమేమి? దానివలన చిలుకకు కలుగు ప్రయోజనమేమి?
2. కొబ్బరిపీచు విషము గానప్పటికిని పక్షికి అపాయకరమగుట యెట్లు?
3. గురివింద గింజ కోళ్ళ దొడ్డిలో పడియున్న దానికంటె చిలుక పంజరములో నుండుట ఏల యెక్కువ భయంకరమో ఆలోచించి వ్రాయుడు.
4. మీ పెరటిలో దొరకు వస్తువులతో ఒక ఆటవస్తువును చేసి, పాఠములోని అయిదు అపాయములలో ఏదియైనను దానియందు గలదేమో పరీక్షించి, మీ ఉపాధ్యాయునికి చూపుడు.
5. మీ గ్రామమున చిలుకలు కాపురమున్న మోళ్ళు ఎన్ని గలవో దూరమునుండి లెక్కించి వ్రాయుడు. చెట్టెక్కి తొఱ్ఱలో చేయి పెట్టరాదు.